కట్ట మీద ఎదురొచ్చినవాళ్ళు

"వాళ్ళకు నేను ఎదురు రాకూడదంటే ఆ మాట నా మొగం మీద చెప్పమను అత్తా. నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి, కాఫీ తాగి, నీతో చెప్పి పోయేదేంది?"

"మొగం మీద చెప్పాలంటే నీ మొగం సూడాల గదమ్మా. అది సూడలేకనే గదా వాళ్ళు మనింటికి వచ్చింది."

"అడవిలో చిరుత ఎదురొస్తే దేవుడు కాపాడినాడని దండం పెట్టుకుంటారు. ముండమోపి ఎదురొస్తే మాత్రం కీడంట. బాగుండాది వాళ్ళ శాస్త్రం."

"చిరుత నీ మాదిరి దినామూ రాదు. వచ్చినా గేటు కాడ బెంచీ మీద కూసోని, 'బాగుండారా అన్నా' అని పలకరించదు."

"పలకరించేది కూడా తప్పేనా?"

"నా కొడుకును మింగినదానివి ఇంట్లో అణిగి ఉండక, బూట్లు ఏసుకోని ఊరందరినీ పలకరించేదానికి బయల్దేరితే తప్పే."

"నీ కొడుకు గుండె ఆగి పోయినాడు. అట్ల మింగిన లెక్క తీస్తే, మామను మింగింది ఎవురు?"

"మీ మామ చెరుకుతోటలో పాము కరిచి పోయినాడు."

"నీకు పాము, నాకు గుండె. రెండిటికీ సూసినవాళ్ళు ఉండారు. మరి మనం మింగినామనే మాట యాడ నుంచి వచ్చింది అత్తా?"

ఈ పొద్దు సన్న తుంపర మొదలైతే, పిట్టగోడ మీద ఆరేసిన కోడలి బూట్లు తెచ్చి వసారాలో పెట్టాను. వాటి అడుగున ఎర్రమన్ను, ఒక ఎండిన వెదురాకు అంటుకుని ఉన్నాయి. పుల్లతో ఆ మన్ను గీకుతుంటే ఆ సాయంకాలం జగడం మాటకు మాట గుర్తుకొచ్చింది. అప్పుడు ధనుర్మాసం. ఇద్దరం ఇదే వసారాలో చాప మీద ఎదురుబొదురుగా కూర్చుని శెనక్కాయలు వొలుస్తున్నాం. గింజలు చేటలోకి, పొట్టు గంపలోకి. పొట్టు నీళ్ళపొయ్యికి పనికొస్తుంది కాబట్టి మా ఇంట్లో దాన్ని పారేయడం లేదు. జగడమాడుతున్నా ఇద్దరి చేతులూ ఆగలేదు. కోపం వచ్చిందని పని మానేసి మూలన కూర్చునే ఆడవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ విషయంలో నా కోడలిని నేను తప్పుపట్టలేను. ఆ చివరి మాట దగ్గర మాత్రం నా వేళ్ళ మధ్య కాయ చిట్లకుండా అట్లే ఉండిపోయింది.

మా ఇల్లు చంద్రగిరి దాటి డ్యామ్‌కు పోయే దారిలో చివరి ఇళ్ళలో ఒకటి. నా కొడుకు తిరుపతిలో ఒక లాడ్జీలో పని చేసేవాడు. ఒక మధ్యాహ్నం యాత్రికులకు గది తాళాలు ఇస్తూ ఇస్తూ కౌంటరు మీద తల వాల్చేశాడట. ఎండకు సొమ్మసిల్లాడేమోనని ఆ యాత్రికులు తాళాలు తీసుకుని పైకి పోయి, స్నానాలు చేసి కిందికి వచ్చేసరికి అయిపోయింది. కోడలు అప్పటికే జాకెట్లు కుడుతుండేది. పదకొండో దినం దాటగానే మిషను ముందు కూర్చోమని నేనే చెప్పాను. ఏడ్చే కళ్ళు దారం ఎక్కించలేవంటే, ఏడ్వకుండా ఎక్కించమన్నాను. ఎక్కించింది. అట్లా రెండేళ్ళు గడిచాక ఆమెకు చక్కెర జబ్బు బయటపడింది.

ఆ జబ్బు పేరు వినగానే కోడలు రంగు మారిపోవడానికి కారణం ఉంది. ఆమె తల్లికి అదే జబ్బు. అరికాలి మీద పుండు మానక, మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. నేను పలకరించడానికి పోయినప్పుడు ఆమె లేని కాలు దురదపెడుతోందని చెయ్యి చాచి, ఒట్టి చాపను బరబరా గోక్కుంటోంది. చాప ఈనెలు లేచిపోయి ఉన్నాయి. కోడలు ఆ చేతిని పట్టుకుని ఆపుతుంటే, "నీకేం తెలుసే, నీకు రెండుండాయి" అని తల్లి ఆమెను తిట్టింది. ఆమె పోయేదాకా అదే తిట్టు. తిరుపతి డాక్టరు మా కోడలితో, మందులు ఒక ఎత్తు, కాళ్ళకు పని చెప్పడం ఒక ఎత్తు, తెల్లారే లేచి గట్టిగా నడవండి, చేతనైతే పరుగెత్తండి అన్నాడు. మిషను తొక్కుతూనే ఉన్నాను కదా సార్ అంటే, అది చాలదమ్మా అన్నాడు. తిరుపతిలో నర్సింగు చదివే నా మనవరాలు ఆ మరుసటి వారమే తల్లికి బూట్లు కొనుక్కొచ్చింది. చీర మీద బూట్లు! నేను చూసి నవ్వలేదు. నవ్వితే అలుసైపోతుంది. "మీ నాయన తద్దినానికి దానమియ్యాల్సిన దుప్పట్లు ఇంగా కొనలేదు, మీ యమ్మకు బూట్లా?" అని మాత్రం అన్నాను.

పరుగు మీద నాకు పట్టింపు లేదు. దాని దండుగతనం మీదే పట్టింపు. బస్సెక్కితే కాణిపాకం చేరతాం, వినాయకుణ్ణి చూస్తాం. మెట్లెక్కితే కొండ చేరతాం. ఇది అట్లా కాదు. డ్యామ్ గేటు దగ్గర మొదలుపెట్టి, అడవిలో నీళ్ళ చుట్టూ తిరిగి, మళ్ళీ అదే గేటు దగ్గరికి రావడం. చేరేది ఏమీ లేదు, తెచ్చేదీ ఏమీ లేదు. ఆ తెచ్చే విషయం నేను మొదటి వారంలోనే ఆలోచించి, అడవిలో కుంకుడుచెట్లు ఉంటాయి, వచ్చేటప్పుడు కాయలు ఏరుకురమ్మని చెప్పాను. పాపం, కొంగున మూటగట్టుకుని పరుగెత్తుకొచ్చింది. గేటు దగ్గర కాపలావాడు ఆ మూట విప్పించి, అడవి సరుకు బయటికి పోకూడదని అక్కడే గుమ్మరించుకున్నాడట. మరునాడు అతని భార్య తలంటుకుని వచ్చిందని కోడలు చెబితే, నాకు కాయలు పోయినందుకంటే ఆ నురుగు ఆమె నెత్తిన వచ్చినందుకు ఎక్కువ బాధ కలిగింది.

అది నిజంగా అంత చూడదగ్గ చోటేనా అని ఒక మధ్యాహ్నం గేటు దాకా పోయి చూశాను. గేటు మూసి ఉంది. పక్కన బోర్డు, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. నేను నాలుగో తరగతి సగంలో మానేశాను, ఆ సగం ఆ బోర్డుకు సరిపోయింది. ప్లాస్టిక్ వేయకూడదు, కోతులకు తిండి పెట్టకూడదు, నీళ్ళలో దిగకూడదు, తెల్లారినాక కాసేపు తప్ప లోపలికి పోకూడదు. చేయదగినది ఒక్కటీ రాయలేదు. కమ్మీల సందులోంచి చూస్తే, ఎర్రమట్టి బాట చెట్ల మధ్యకు వంకర తిరిగిపోయింది. అవతల కట్ట, కట్ట లోపలి పక్క నీళ్ళు, ఆ నీళ్ళలో తలకిందులుగా శేషాచలం కొండలు. ఎక్కడో నెమలి అరిచింది. ఎండిన ఆకుల వాసన, తడిమట్టి వాసన కలిసి ముక్కుకు తగిలాయి. బాగానే ఉంది. బాగున్న చోటికల్లా పోవాలంటే కుదురుతుందా?

తెల్లారే వేళకు అక్కడ నడిచేవాళ్ళ గుంపు ఒకటి ఉండేది. దానికి పెద్ద, ఉద్యోగం విరమించిన ఒక లెక్చరర్. ఆయన భార్య, బట్టల అంగడాయన, ఇంకా నలుగురైదుగురు. వాళ్ళందరూ నీళ్ళను కుడిచేతి పక్క ఉంచుకుని ప్రదక్షిణంగానే తిరిగేవాళ్ళు. ముందు అడవి, చివర కట్ట, కట్ట మీద పసుపు పూసిన గంగమ్మ రాయి, దానికి దండం, గేటు. ఆ పద్ధతి పెట్టింది లెక్చరరే. ప్రదక్షిణంగా తిరిగితే రక్తం సాఫీగా పారుతుందని ఆయన చెప్పేవాడు. ఒకే వైపు తిరిగేవాళ్ళు ఒకరికొకరు ఎదురుపడే పనే లేదు కదా, కోడలు అందులో చేరి కొన్నాళ్ళు ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. మొదట్లో ఆమె పరుగు చూడటానికి నవ్వులాటగా ఉండేదట. నీళ్ళ బిందె చంకన పెట్టుకున్నట్టు ఒక పక్కకు ఒరిగి పరుగెత్తేది. తర్వాత్తర్వాత ఆ లేని బిందెను దించేసింది. చీర పోయి చుడీదారు వచ్చింది. అందరికంటే వెనక బయలుదేరి అందరినీ దాటుకుని ముందే గేటు చేరేది.

చిక్కంతా ఆ ముందు చేరడంలోనే వచ్చింది. గేటు పక్కన ఒక సిమెంటు బెంచీ ఉంది, దాని ముఖం బాటకేసి. కోడలు దాని మీద కూర్చుని చెమట తుడుచుకుంటుంటే, మిగిలినవాళ్ళు కట్ట దిగి, ఇంటి పనులకూ వ్యాపారాలకూ బయలుదేరే ఘడియలో, వాళ్ళకు మొట్టమొదట కనబడేది ఆమె మొహం. అందరూ తలలు దించుకుని పోయేవాళ్ళట. కోడలు అది మర్యాద అనుకుంది.

ఒక పొద్దు బట్టల అంగడాయనను అట్లాగే పలకరించింది. ఆ రోజు ఆయన కొత్త అంగడి తెరుస్తున్నాడు. మధ్యాహ్నానికి మబ్బు పట్టి, గాలి లేచి, షామియానా కూలి వచ్చినవాళ్ళ నెత్తిన పడింది. బయట పరిచిన చీరలన్నీ తడిసి, ఎరుపు పసుపులోకి, పసుపు తెలుపులోకి దిగాయి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని ముందురోజు నుంచీ టీవీలో చెబుతూనే ఉన్నారు. బెంచీ మీద కూర్చున్న మా కోడలు ఆ వాయుగుండాన్ని సముద్రం నుంచి చంద్రగిరి దాకా ఎట్లా లాక్కొచ్చిందో నాకు తెలియదు. కానీ సాయంత్రానికి బజారులో అందరికీ తెలిసిపోయింది.

రెండు దినాలకు లెక్చరరు, ఆయన భార్య, అంగడాయన మా ఇంటికి వచ్చారు. కోడలు కుట్టిన జాకెట్లు ఇచ్చిరావడానికి పోయిన వేళ చూసుకునే వచ్చారు. కుర్చీలు వేశాను. కాఫీ ఇచ్చాను, మురుకులు పెట్టాను.

"పెద్దమ్మా, నాకైతే ఇట్లాంటి పట్టింపులు లేవు," అన్నాడు లెక్చరరు. "నేను ఫిజిక్సు చెప్పినవాణ్ణి. కానీ నలుగురితో పోయేటప్పుడు నలుగురి మనసులూ చూసుకోవాల గదా."

"మేం రావొద్దని చెప్పడంలే," అన్నాడు అంగడాయన. "మేమంతా పోయి ఇండ్లు చేరినాక, ఎండ పొద్దుకు నిమ్మళంగా వచ్చి పరిగెత్తుకోమనండి. ఎవురు కాదన్నారు?"

ఎండ పొద్దుకు గేటు మూసేస్తారని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. రోడ్డు మీద పరుగెత్తితే కంకర టిప్పర్లు, కుక్కలు. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

లెక్చరరు భార్య ఇంకో మురుకు తీసుకుని, "మీ మాదిరి పెద్దలు ఉంటే ఆ ఇంటికి ఒక పద్ధతి ఉంటాది పెద్దమ్మా. ఇన్నేండ్లలో మీరు ఒగనాడన్నా మాకు ఎదురొచ్చినారా? లేదే!" అన్నది.

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. ఉబ్బాల్సిన మాటే అది. కొంతమందికి ఆవకాయ చేతి గుణం, కొంతమందికి ముగ్గు చేతి గుణం. నాకు ఎదురు రాకపోవడం. అది ఊరికే రాలేదు. నా మొగుడు పోయినప్పుడు కొడుకు చంకలో ఉన్నాడు. మా బావగారు చిత్తూరు మండీకి బెల్లం వేసుకుని బండి కట్టే రోజుల్లో, మా అత్త చేతులు తట్టేది. ఆ చప్పుడు వినబడగానే నేను వడ్ల గాదె వెనక దూరి కూర్చోవాలి. ఎద్దుల గంటలు వీధి చివర మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా లేవకూడదు. పిల్లవాడు ఏడిస్తే నోట్లో కొంగు కుక్కేదాన్ని. ఒకసారి చప్పుడు వినబడక, నీళ్ళ బిందెతో గడప దాటి బండికి ఎదురు వచ్చేశాను. మా అత్త నా చంకలోని బిందె తీసుకుని, నిదానంగా నా నెత్తిన గుమ్మరించింది. ఎద్దులను విప్పించి, మా బావకు కాళ్ళు కడిగించి, మంచినీళ్ళు ఇచ్చి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ కట్టించింది. నేను ఆ తడిచీరతోనే గాదె వెనక కూర్చున్నాను. ఆ రోజు మండీలో బెల్లానికి ఎన్నడూ లేనంత ధర వచ్చింది. దాన్ని గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

అప్పటి నుంచి నాకు ఎవరూ చేతులు తట్టాల్సిన అవసరం రాలేదు. ఏ ఇంట్లో ఎవరు ఏ వేళకు బయలుదేరుతారో వాళ్ళ పెండ్లాలకంటే నాకే బాగా తెలుసు. పొద్దున పూట పెరటి సందులోంచే పోతాను. సందు మలుపులో దగ్గుతాను. బస్టాండులో డ్రైవరు బండెక్కి కూర్చునేదాకా స్తంభం వెనక నిలబడతాను. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళతో సామాన్ల గదిలో ఉంటాను. పని చెడిందని ఈ ఊళ్ళో ఒక్కడు కూడా నా పేరు ఎత్తలేదు. కొడుకు పోయినాక కోడలికి ఇదంతా నేర్పబోయాను. ఆమె విన్నట్టే విని, మిషను గట్టిగా తొక్కేది.

"రేపటి నుంచి మా కోడలు మీ కంటబడదు. నాదీ పూచీ," అని వచ్చినవాళ్ళకు చెప్పి పంపాను. మిగిలిన మురుకులు డబ్బాలో వేసి మూత పెట్టాను. కోడలు వచ్చాక చెప్పాను. అక్కడ మొదలైంది జగడం.

"యాడ నుంచి వచ్చింది అత్తా?" అని ఆమె అడిగినదానికి నేను గొంతు పెంచాను. అది నాకు తెలిసిన పద్ధతి.

"నోరు లేచింది నీకు. బూట్లు ఏసుకున్నప్పుడే అనుకుంటి. నేను పెద్దమనుషులకు మాట ఇచ్చినా. ఈ ఇంట్లో నా మాటకు విలువ ఉంటే రేపు గడప దాటొద్దు."

కోడలు చేట పక్కన పెట్టింది. ఒళ్ళోని పొట్టు జాగ్రత్తగా గంపలోకే దులుపుకుని లేచింది.

"మా యమ్మ కాలు నాకు గుర్తుండాది. మీ యత్త గాదె నీకు గుర్తుండాది. నువ్వు ఆ గాదె ఎనకాలే కూసో అత్తా, నేను వద్దనను. నేను మాత్రం నా కాలు ఎవురికీ ఇయ్యను. రేపు నేను ఎప్పుటి మాదిరి పోను. కట్ట మీద మొదులుపెట్టి, వాళ్ళకు ఎదురుగా ఎనక్కి సుట్టు తిరిగి పరిగెత్తతా. ఒగొగురు నాకు ఎదురు రావాల. ఒగొగురి మొగం సూడాల."

"అట్ల ఎనక్కి సుట్టు తిరిగేది పీనుగ కాడ. తెలుసునా?"

"అయితే నన్ను పీనుగనే అనుకోమను. పీనుగ ఎదురొస్తే మంచిదే గదా వాళ్ళ శాస్త్రంలో!"

లోపలికి పోయి మిషను ముందు కూర్చుంది. ఆ పూట కూడా రెండు కంచాల్లో వడ్డించాను, ఇద్దరం తిన్నాం. తినకుండా పడుకుంటే అన్నం పాడైపోతుంది.

పొద్దున నేను లేచేసరికి గూట్లో బూట్లు లేవు. ముఖం కడుక్కుని, దుప్పటి కప్పుకుని, వీధి తలుపు తీసుకుని బయటపడ్డాను. పెరటి సందు గుర్తు రాలేదు. దగ్గడం గుర్తు రాలేదు. మాట ఇచ్చాను, మాట పోతోంది. కోడలిని చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కురావాలి. నాకు అంతకు మించి బుర్రలో ఏమీ లేదు. గేటు తీసి ఉంది. కాపలావాడు నన్ను చూసి, "ఆ యమ్మ కట్ట మీదికి పోయింది అవ్వా," అని చెయ్యి చూపించాడు. నేనూ కట్ట ఎక్కాను. దాన్ని తరిమి పట్టుకోవాలంటే అది పోయిన దారినే కదా పోవాలి.

కట్ట మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కన నీళ్ళున్నాయని చల్లదనాన్ని బట్టే తెలుస్తోంది. నీటికోడి ఒకటి ఎక్కడో రెక్కలు కొట్టుకుంది. నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతోంది. కొంత దూరం పోయాక మంచులో మాటలు వినబడ్డాయి. గంగమ్మ రాయి దగ్గర గుంపు కూర్చుని ఉంది. మా కోడలు అప్పుడే వాళ్ళకు ఎదురుపడి, దాటుకుని పరుగెత్తిపోయినట్టుంది. శకునం విరగడానికి వాళ్ళు కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. అంగడాయన పుక్కిలించి ఉమ్ముతున్నాడు. లెక్చరరు గడియారం చూసుకుంటున్నాడు. ఇంతసేపు కూర్చోవాలని ఏదో లెక్క ఉన్నట్టుంది. "సాల్లే, లేవండి," అని ఆయన భార్య అన్నది. అందరూ లేచి, రాయికి దండం పెట్టుకుని, మొదటి అడుగు వేశారు. మంచులోంచి నేను వచ్చాను.

వాళ్ళను చూడగానే నా కాళ్ళు వాటంతట అవే పక్కకు తిరిగాయి. కానీ తిరగడానికి పక్క లేదు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క రాళ్ళు పేర్చిన ఏటవాలు. గాదె లేదు, స్తంభం లేదు, సందు మలుపు లేదు. ఇన్నేళ్ళు ఇంత నేర్పుగా తప్పుకున్నదాన్ని, ఆ ఇరుకు కట్ట మీద కట్టేసిన గొడ్డు మాదిరి నిలబడిపోయాను.

"మా కోడలు ఇట్ల వచ్చిందా సామీ?" అన్నాను. "నేను దాన్ని పట్టుకపొయ్యేదానికే వచ్చినా. మీకు మాట ఇచ్చినా గదా…"

జవాబు చెప్పాలంటే నన్ను చూడాలి. అంగడాయన తువ్వాలు ముఖం మీదికి లాక్కుని నీళ్ళకేసి తిరిగాడు. మిగిలినవాళ్ళూ తిరిగారు. సరే, వీళ్ళ వీపుల పక్క నుంచి దాటిపోదామని నేను నాలుగడుగులు వేస్తే, నేను జరిగేకొద్దీ వాళ్ళూ పాదాల మీద కొంచెం కొంచెంగా తిరుగుతూ నాకు వీపులే చూపించారు, ఎండను బట్టి తిరిగే పువ్వుల మాదిరి. నాకు నవ్వు రాబోయింది. ఫిజిక్సు చెప్పిన లెక్చరరు కూడా తిరిగాడు. తిరుగుతూ, "పెద్దమ్మా, మీరు కూడానా," అన్నాడు, బడిపిల్లను మందలించినట్టు.

ఆయన భార్య మాత్రం తిరగలేదు. శాలువా తల మీదుగా కప్పుకుని, నన్ను కాకుండా నా కాళ్ళను చూస్తూ అన్నది:

"మొగుణ్ణి మింగితిరి, కొడుకునూ మింగితిరి. ఇంగా ఎవురి కోసరమమ్మా ఇంత పొద్దన్నే బయల్దేరినారు?"

నిన్న మా ఇంట్లో మురుకు నమిలిన నోరే అది. జవాబు నా దగ్గర ఉంది. ముందునాటి సాయంకాలమే, శెనక్కాయలు వొలుస్తూ విన్నాను: ఒకటి పాము, ఒకటి గుండె, రెండిటికీ చూసినవాళ్ళున్నారు. కానీ ఆ మాట కోడలిది. దాన్ని వాడుకోవడానికి నాకు నోరు రాలేదు.

దాటిపోలేదు. వెనక్కి తిరిగాను. నా వెనక వాళ్ళు మళ్ళీ కూర్చోవడం వినబడింది. మళ్ళీ నీళ్ళు తాగాలి కదా. "సీసాలో నీళ్ళు అయిపోయినాయి," అని అంగడాయన అంటున్నాడు. పక్కన డ్యామ్ నిండా నీళ్ళు. దిగకూడదని బోర్డు.

ఇప్పుడు అంగడాయన ఇంట్లోనే యంత్రం కొనుక్కుని దాని మీద నడుస్తున్నాడని విన్నాను. అది ఇంకా మేలు. గుండ్రంగా కూడా తిరగక్కర్లేదు, ఉన్నచోటనే ఉండి నడవచ్చు, గోడ తప్ప ఏదీ ఎదురు రాదు. లెక్చరరు దంపతులు సాయంకాలాలు కోటలోని రాజమహలు దగ్గర నడుస్తారట. సాయంకాలం శకునాలు పట్టవు. కోడలి కాళ్ళు రెండూ ఉన్నాయి. ఈ మధ్య బూట్లు అడుగు అరిగితే కొత్తవి అడిగింది. పాతవాటికి అతుకు వేయించాను.

ఆ పొద్దు నేను కట్ట దిగి ఇంటికి పోవాల్సింది. పోలేదు. గేటు పక్క సిమెంటు బెంచీ మంచుకు తడిసి ఉంది. కొంగుతో తుడిచి, బాటకేసి తిరిగి కూర్చున్నాను. బూడిదరంగు వెలుతురు పసుపుకు తిరిగేంతసేపు గడిచింది. గుంపు ఇంకా కట్ట దిగలేదు; మంచు విడి, దారిలో నేను లేనని తేలేదాకా లేవరు కాబోలు. అడవి పక్కనుంచి దభదభా అడుగులు వినబడి, కోడలు మలుపు తిరిగి వచ్చింది. ముఖమంతా చెమట, బూట్ల నుంచి పిక్కల దాకా ఎర్రమన్ను. నన్ను చూసి నిలబడింది. లాక్కుపోవడానికి వచ్చాననుకుంది కాబోలు, చెయ్యి వెనక్కి పెట్టుకుంది. నేను కదలకపోయేసరికి, "జరుగత్తా," అన్నది. జరిగాను. పక్కన కూర్చుంది.

పొద్దున్నే బయలుదేరే మనుషులను నేను బతుకంతా వెనకనుంచే చూశాను. ఈ ఊళ్ళో ఎవరి మెడ ఏదో, ఎవరి మడమ ఏదో చీకట్లో కూడా చెప్పగలను. ముందునుంచి చూడటానికి ముసలిదాన్ని కావలసి వచ్చింది. కట్ట మీద మంచు విడిపోయింది. ముందు లెక్చరరు, ఆయన వెనక భార్య, ఆ వెనక అంగడాయన, ఒకరి తర్వాత ఒకరు గేటు వైపు దిగుతున్నారు. బయటికి పోవడానికి వేరే దారి లేదు. నేను కొంగు సరిచేసుకుని, వచ్చిన ఒక్కొక్కరి మొహమూ చూశాను.